క్యాచర్ల వరస

మార్చి ఆఖరు. ఈరీ సరస్సు మీద మంచు
పగలాలా వద్దా అని ఇంకా తటపటాయిస్తోంది.
లొరెటా ప్రిబిల్ వంటింటి బల్ల తుడిచి
పసుపు కాగితాలు తొమ్మిది పరిచింది.
ఒక్కో స్థానానికి ఒక్కోటి,
ఔట్‌ఫీల్డుకి మాత్రం రెండు, అక్కడ జనం ఎక్కువ.

ముప్పై ఒక్క ఏళ్లు తపాలా ఆఫీసులో
ఉత్తరాలు గళ్లలోకి విసిరిన చెయ్యి అది.
కన్ను చదివేలోపే మణికట్టుకి తెలిసేది
ఏది పీచ్ స్ట్రీటు, ఏది పన్నెండో వీధి.
ఇప్పుడు అదే మణికట్టు
మనుషుల్ని గళ్లలో వేస్తోంది.

ఫస్ట్ బేసు తేలిక.
ముప్పై హోమ్‌రన్లు కొట్టేవాళ్లు అక్కడ
వానకి లేచిన పుట్టగొడుగులు.
షార్ట్‌స్టాపుల దగ్గర రెండుసార్లు చెరిపింది:
ఆర్కుల్లాకి కాళ్లున్నాయి, ఓపిక లేదు,
టీగ్‌కి ఓపిక ఉంది, భుజానికి ఆపరేషనయింది.
పిచ్చర్ల మోచేతుల గురించి
డాక్టర్లకన్నా ఎక్కువ దిగులు పడి
టీ చల్లారబెట్టుకుంది.

ఒకడి విలువ వాడిలో ఉండదని
ఈ కాగితాలే నేర్పాయి ఆమెకి.
వాడి వెనక వరసలో ఎవడున్నాడో చూడాలి.
ఔట్‌ఫీల్డులో పద్దెనిమిది కొట్టినవాణ్ణి ఎవరూ అడగరు,
అదే పద్దెనిమిది క్యాచర్ కొడితే దొర.
ఆముదపు చెట్టుకి కూడా
తన చోటు తనకి దొరకాలి కదా.

క్యాచర్ల కాగితం అందుకే ఆఖరికి ఉంచింది.
అందుకే అని తనకి తాను చెప్పుకుంది.

పందొమ్మిదేళ్లుగా, అగ్నిమాపక కేంద్రం నేలమాళిగలో,
పన్నెండు మడత కుర్చీల మధ్య
ఎమరిక్ డాంకో మొదటి వంతులోనే
క్యాచర్ని కోరుకునేవాడు.
ప్రతి ఏడూ నవ్వేవాళ్లు. ప్రతి ఏడూ
పదకొండో స్థానంలో తేలేవాడు, ఒక్కసారి పన్నెండు.
కుర్రతనంలో తనే క్యాచర్, మూడు వేళ్లు
మూడు దిక్కులు చూసేవి.
"ఎనిమిది మంది ఒకవైపు చూస్తారు లొరెటా,
ఒక్కడే ఎదురు తిరిగి కూర్చుని
అందరి మొహాలూ చూస్తాడు" అనేవాడు.
"చూసి ఏం చేస్తాడు?" అనేది తను.
దానికి జవాబు చెప్పకుండానే
నవంబరులో పోయాడు.

మొన్న మనవరాలు ఫోను చేసింది. టాంసిన్.
తాత కుర్చీ తనదంటుంది.
"క్యాచర్ని ఎప్పుడు తీసుకోవాలి?"
ప్రత్యర్థికి నిజం చెప్పకూడదు,
కానీ ఆ గొంతు మరీ చిన్నది.
"ఆఖర్న" అంది లొరెటా. "అందరూ అయిపోయాక."
చెప్పింది నిజమే. సగం నిజం.
కాగితం మీద మొదటి పేరు, వెండెల్ స్ట్రోబ్, పక్కన
తొమ్మిదో వంతు అని అప్పుడే రాసుకుంది,
ఎవరికీ కనపడనంత చిన్నగా.

శనివారం. కాఫీ పాత్ర, డోనట్ల పెట్టె,
పైన గ్యారేజీలో అగ్నిమాపక బండి కడుగుతున్న నీళ్ల చప్పుడు.
నాలుగో వంతు టాంసిన్‌ది.
తాత టోపీ కళ్ల మీదికి జారుతుంటే ఎత్తి పట్టుకుని
"వెండెల్ స్ట్రోబ్" అంది.

ఒక్క క్షణం గది ఊపిరి తీసుకుంది.
తర్వాత నవ్వు, పందొమ్మిదేళ్ల నవ్వే,
కొంచెం తడిగా.
ఎవరో బల్ల చరిచారు. ఎవరో ముక్కు చీదారు.

లొరెటా మాత్రం నవ్వలేదు.
పళ్లు కొరుక్కుంటూ స్ట్రోబ్ పేరు కొట్టేసింది,
కాగితం చిరిగేంత గట్టిగా.
కింద రెండో పేరు ఫర్రేరా: ముప్పై తొమ్మిదేళ్లు,
మోకాళ్లు తలుపు బందుల్లా మూలుగుతాయి.
మూడోవాడు ఇంకా ఎవరికీ తెలియని కుర్రాడు.
నాలుగోది, చూస్తే, ఖాళీ గీత.

తలెత్తింది.
బల్ల అవతలి చివర, ఎదురు తిరిగి కూర్చుని,
ఆ పిల్ల
అందరి మొహాలూ చూస్తోంది.